పీసీఎం సూక్ష్మ గుళికల తయారీ: గంజాం నుంచి కోరాపుట్ వరకు మన ఎండకూ మన రాత్రికీ తగినట్టుగా

ఘనం నుంచి ద్రవంగా మారేటప్పుడు ప్రతి పదార్థమూ తన ఉష్ణోగ్రత పెద్దగా పెరగకుండానే చాలా వేడిని పీల్చుకుంటుంది, తిరిగి గడ్డకట్టేటప్పుడు ఆ వేడినే విడిచిపెడుతుంది. పాఠ్యపుస్తకాలలో గుప్తోష్ణం అని చదువుకున్నది ఇదే. ఈ గుణాన్ని వేడి నిల్వకు వాడుకోవడానికి ఎంచుకున్న పదార్థాలను ఫేజ్ ఛేంజ్ మెటీరియల్స్ అని, క్లుప్తంగా పీసీఎం అని పిలుస్తారు. జనవరిలో మన వంటింట్లో గడ్డకట్టి, కాస్త ఎండ తగలగానే కరిగిపోయే కొబ్బరి నూనె కూడా ఆ కోవలోనిదే. ఆక్టాడెకేన్ అనే శుద్ధమైన పారఫిన్ మైనం 28 డిగ్రీల దగ్గర కరుగుతూ గ్రాముకు దాదాపు 240 జౌళ్ల వేడిని దాచుకుంటుంది. అదే వేడితో ఒక గ్రాము నీటిని 57 డిగ్రీల మేర వేడి చేయవచ్చు.

ఈ మైనాన్ని నేరుగా గోడపూతలో కలిపితే కరిగినప్పుడల్లా బయటికి కారిపోతుంది. అందుకే దానిని కంటికి కనిపించనంత చిన్న బొట్లుగా విడగొట్టి, ఒక్కొక్క బొట్టు చుట్టూ గట్టి పొర కట్టించాలి. లోపల మైనం కరుగుతూ గడ్డకడుతూ ఉన్నా బయటికి పొడిగా కనిపించే ఈ గుళికలను మైక్రోక్యాప్సూల్స్ అంటారు. దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల కళాశాలలలో రసాయన, భౌతిక శాస్త్రాలు చదివే తెలుగు విద్యార్థులూ వారికి బోధించే అధ్యాపకులూ డిగ్రీ స్థాయి ప్రయోగశాలలో వీటిని తయారు చేసి, ఒక చిన్న జిప్సం పలకలో పెట్టి పరీక్షించేందుకు ఈ విధానాన్ని రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు మీకు నిజంగా సూక్ష్మ గుళికలే కావాలా అని ఆలోచించండి. సోలార్ వాటర్ హీటర్ ట్యాంకులో వేడిని నిల్వ చేయడమే మీ ఉద్దేశమైతే 58–60 డిగ్రీల దగ్గర కరిగే మామూలు పారఫిన్ మైనాన్ని మూతబిగించిన లోహపు గొట్టాలలో నింపితే చాలు, గుళికలు చేయనక్కరలేదు. గోడపూత, రంగు, బట్ట, పంపులో ప్రవహించే ద్రవం వంటి వాటిలో మైనాన్ని కలపవలసి వచ్చినప్పుడే ఈ శ్రమకు అర్థం ఉంటుంది.

రాత్రి ఉష్ణోగ్రతతో మొదలుపెట్టండి

పీసీఎంను ఎంచుకోవడంలో ఎక్కువ మంది పగటి వేడిని చూస్తారు. చూడవలసింది రాత్రి చల్లదనాన్ని. పగలు కరిగిన మైనం తెల్లవారేలోపు తిరిగి గడ్డకట్టకపోతే మరునాడు అది దాచుకోగలిగే వేడి దాదాపు ఏమీ ఉండదు. గోడలో ఉన్న నూనెగా మాత్రమే మిగులుతుంది. జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ సంస్థ మైక్రోనల్ పేరుతో అమ్మిన భవన నిర్మాణ గుళికలు 21, 23, 26 డిగ్రీల దగ్గర కరిగేవి. చలి దేశపు రాత్రులకు అవి సరిపోతాయి. గంజాం తీరంలో మే నెల రాత్రులు సాధారణంగా 26–28 డిగ్రీలకంటే కిందికి దిగవు, పైగా పగలంతా కాగిన డాబా ఇంటి లోపల రాత్రి వేడి బయటికంటే ఎక్కువగా ఉంటుంది. అక్కడ ఆ గుళికలు మార్చి నెలాఖరుకే కరిగి, చలికాలం వచ్చేదాకా అలాగే ఉండిపోతాయి.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. మైనాన్ని చిన్న బొట్లుగా విడగొడితే అది తన ద్రవీభవన స్థానం కంటే కొన్ని డిగ్రీలు కిందికి దిగితే గాని గడ్డకట్టదు. గడ్డకట్టడానికి ఎక్కడో ఒక చోట మొదటి స్ఫటికం పుట్టాలి. పెద్ద పాత్రలోని మైనంలో ఏదో ఒక మలినం మీద అది సులువుగా పుడుతుంది, కానీ కోట్ల బొట్లలో ప్రతి బొట్టుకూ అటువంటి మలినం దొరకదు. దీనిని అతిశీతలీకరణం అంటారు. కాబట్టి 28 డిగ్రీల దగ్గర కరిగే గుళిక 28 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందని లెక్క వేసుకోకండి. కరిగిన మైనంలో 1-ఆక్టాడెకనాల్‌ను గానీ, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర కరిగే పారఫిన్‌ను గానీ కొద్ది శాతం ముందుగానే కలిపితే, అవి మొదట గడ్డకట్టి మిగతా మైనానికి విత్తన స్ఫటికాలుగా పనిచేస్తాయి. దానివల్ల దాచుకునే వేడి కాస్త తగ్గినా ఆ నష్టాన్ని భరించడమే మేలని నా అభిప్రాయం.

అందువల్ల మైనం కొనడానికి ముందు ఒక వారం పాటు మీరు గుళికలు పెట్టదలచిన చోటనే, అంటే స్లాబు అడుగు భాగంలోనో రేకుల కిందనో, థర్మామీటరు ఉంచి తెల్లవారుజామున 4 నుంచి 6 గంటల మధ్య ఉష్ణోగ్రతను రాసుకోండి. మీ మైనం కరిగే ఉష్ణోగ్రత ఆ అంకెకంటే కనీసం 5 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి. సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్, ఆ పక్కనే ఉన్న సెమిలిగుడ వంటి చోట్ల రాత్రులు చల్లబడతాయి కాబట్టి ఆక్టాడెకేన్ పనికొస్తుంది. బరంపురం, ఛత్రపురం వంటి తీర ప్రాంతాలలో 32 డిగ్రీల దగ్గర కరిగే నోనాడెకేన్‌ను గానీ, 36–37 డిగ్రీల దగ్గర కరిగే ఐకోసేన్‌ను గానీ తీసుకోవాలి. చుట్టూ కొండలున్న రాయగడ, గుణుపురాలకు ముందే ఒక అంకె చెప్పడం సరికాదు, మీ కొలతే ప్రమాణం. ఖర్చు తగ్గించాలని మామూలు మైనంలో లిక్విడ్ పారఫిన్ కలిపి ద్రవీభవన స్థానాన్ని దించే ప్రయత్నం మాత్రం చేయవద్దు. ఆ మిశ్రమం ఒక ఉష్ణోగ్రత దగ్గర కాకుండా చాలా డిగ్రీల మేర మెల్లమెల్లగా కరుగుతుంది, గుప్తోష్ణం కూడా తగ్గిపోతుంది.

ఏ పద్ధతి

గుళికలు చేయడానికి అనేక మార్గాలు ఉన్నాయి. మెలమైన్-ఫార్మాల్డిహైడ్ పొర గట్టిగా ఉంటుంది, కానీ తయారీలోనూ ఆ తరువాతా ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది. అక్రిలిక్ పొర భవనాలకు బాగా సరిపోతుంది, అయితే దానికి నైట్రోజన్ వాయువు, మిథైల్ మెథాక్రిలేట్, పెరాక్సైడ్ కావాలి. మొదటిసారి చేసేవారికి జెలటిన్, తుమ్మజిగురులతో పొర కట్టించే కోసర్వేషన్ పద్ధతిని సూచిస్తున్నాను. అమెరికాలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో బారెట్ గ్రీన్, లోవెల్ ష్లైకర్ కార్బన్ లేకుండానే నకలు పడే కాగితం కోసం రూపొందించిన ఈ పద్ధతికి 1957లో పేటెంట్ లభించింది. జెలటిన్ అణువులకు ఆమ్ల ద్రావణంలో ధనావేశం ఉంటుంది, తుమ్మజిగురుకు రుణావేశం ఉంటుంది. రెండూ ఒకదానినొకటి ఆకర్షించుకుని నీటి నుంచి విడివడి చిక్కటి ద్రవంగా మారి, ద్రావణంలో తేలుతున్న మైనపు బొట్ల చుట్టూ పేరుకుంటాయి. చల్లబరిస్తే ఆ పొర గడ్డకడుతుంది. ఈ కారణాన్ని మనసులో ఉంచుకుంటే కింద చెప్పే ప్రతి జాగ్రత్తకూ అర్థం దానంతటదే తెలుస్తుంది.

సరుకు

ఒక విడతకు మైనం 30 గ్రాములు, జెలటిన్ 10 గ్రాములు, తుమ్మజిగురు 10 గ్రాములు, సుమారు 850 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, 10 శాతం ఎసిటిక్ ఆమ్లం, పలుచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, 25 శాతం గ్లూటరాల్డిహైడ్ 4 మిల్లీలీటర్లు కావాలి. పరికరాలలో 2 లీటర్ల బీకరు, వేగం మార్చుకోగల స్టిర్రర్, వీలైతే హోమోజినైజర్ (అతివేగంగా తిరిగి మైనాన్ని సన్నని బొట్లుగా విడగొట్టే పరికరం), పీహెచ్ మీటర్, థర్మామీటరు, వాటర్ బాత్, మైక్రోస్కోపు ఉండాలి. శుద్ధమైన పారఫిన్లు మన ఊళ్లలో దొరకవు కాబట్టి విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఉన్న రసాయనాల డీలర్ల ద్వారా ముందుగా తెప్పించుకోవాలి.

జెలటిన్ డబ్బా మీద రకం చూడండి. ఆమ్లంతో తీసిన ఏ-రకం జెలటిన్ ఆవేశరహితమయ్యే పీహెచ్ సుమారు 7 నుంచి 9 మధ్య ఉంటుంది, సున్నంతో తీసిన బీ-రకానికి అది 5 దగ్గర ఉంటుంది. ఏ-రకమైతే 4.0–4.2 పీహెచ్ దగ్గర మంచి ధనావేశంతో ఉంటుంది కాబట్టి పని సులువు. బీ-రకమే దొరికితే పీహెచ్‌ను ఇంకా కిందికి, 3.5–3.8 వరకు దించవలసి వస్తుంది.

తుమ్మజిగురును సంతలో కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ అమ్మే బంకలో రెండు మూడు చెట్ల జిగురు కలిసి ఉండవచ్చు. ఒక చెంచాడు బంకను గ్లాసు నీటిలో వేసి రాత్రంతా ఉంచండి. తుమ్మజిగురు పూర్తిగా కరిగి తేటగా నిలుస్తుంది. కరగకుండా ఉబ్బి ముద్దలా కూర్చుంటే అది తపసి జిగురు, ఈ పనికి రాదు. కరిగిన జిగురును పల్చని గుడ్డలో రెండుసార్లు వడకట్టి బెరడు, ఇసుక తీసివేయాలి.

నీటి విషయంలో రాజీ పడవద్దు. తీరప్రాంతపు బావులలో, బోర్లలో ఉప్పు ఎక్కువ. ఆ లవణాల అయాన్లు జెలటిన్, జిగురుల ఆవేశాలను కప్పివేయడం వల్ల రెండింటి మధ్య ఆకర్షణ బలహీనపడుతుంది, పొర కట్టదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ దుకాణాలలోనైనా దొరుకుతుంది.

తయారీ

పనిని తెల్లవారుజామునే ప్రారంభించడం మంచిది. వేసవిలో మధ్యాహ్నం తరువాత గాలివాన వచ్చి కరెంటు పోతే స్టిర్రర్ ఆగిపోతుంది, పొర కట్టే దశలో స్టిర్రర్ ఆగితే గుళికలన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్ద అవుతాయి. ఇన్వర్టర్ ఉంటే స్టిర్రర్‌ను దానికే కలపండి.

జెలటిన్‌ను 200 మిల్లీలీటర్ల చల్లటి నీటిలో అరగంట నాననిచ్చి, ఆ తరువాత 50 డిగ్రీలకు వేడి చేసి కరిగించండి. వేడి నీటిలో నేరుగా పోస్తే ఉండలు కడుతుంది. వేరొక పాత్రలో తుమ్మజిగురును 200 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి, దాన్ని కూడా 50 డిగ్రీల దగ్గర ఉంచండి. రెండు ద్రావణాల పీహెచ్‌నూ కొన్ని చుక్కల సోడియం హైడ్రాక్సైడ్‌తో 6–6.5కు తీసుకురండి. ఈ పని చేయకుండా కలిపితే ఎసిటిక్ ఆమ్లం వేయకముందే పొర పదార్థం విడిపోవడం మొదలై, మీ అదుపులో లేకుండా పోతుంది.

కరిగించిన 30 గ్రాముల మైనాన్ని తుమ్మజిగురు ద్రావణంలో సన్నని ధారగా పోస్తూ హోమోజినైజర్‌ను నడపండి. ఉష్ణోగ్రత 50 డిగ్రీలకు తగ్గకూడదు. పది పదిహేను నిమిషాలకు ద్రావణం చిక్కటి పాలలా మారుతుంది. గుళిక పరిమాణం నిర్ణయమయ్యేది ఈ దశలోనే, తరువాత దాన్ని మార్చలేరు. నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలన్నది మీ బ్లేడు ఆకారాన్నీ పాత్ర వెడల్పునూ బట్టి మారుతుంది కాబట్టి చుట్ల లెక్కను నమ్ముకోకుండా ప్రతి మూడు నిమిషాలకూ ఒక చుక్క తీసి గోరువెచ్చని స్లైడు మీద మైక్రోస్కోపుతో చూడండి. బొట్లలో ఎక్కువ భాగం 20 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్యకు వచ్చాక ఆపండి. ఇంకా చిన్నవి చేస్తే పొర గట్టిగానే ఉంటుంది గాని అతిశీతలీకరణం పెరుగుతుంది, అంతే మైనానికి పొర పదార్థం కూడా ఎక్కువ కావలసి వస్తుంది. వంద మైక్రాన్లు దాటిన గుళికలు పలక కలిపేటప్పుడు సులువుగా పగులుతాయి.

ఇప్పుడు హోమోజినైజర్‌ను తీసివేసి, మామూలు స్టిర్రర్‌ను నిమిషానికి 300–400 చుట్ల వేగంతో పెట్టి, జెలటిన్ ద్రావణాన్ని పోయండి. వెంటనే 50 డిగ్రీల వేడి నీరు 400 మిల్లీలీటర్లు చేర్చండి. పలుచన కావడం వల్ల ఆవేశాల ఆకర్షణ బాగా పనిచేస్తుంది. తరువాత 10 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా, ప్రతి చుక్క పూర్తిగా కలిసేవరకూ ఆగుతూ వేయండి. పీహెచ్ 5 కిందికి దిగాక తీసిన చుక్కను మైక్రోస్కోపులో చూస్తే మైనపు బొట్ల మధ్య రంగులేని చిన్న చిన్న బొట్లు కనిపిస్తాయి, అవే జెలటిన్-జిగురు కలయిక. 4.2 దాటి 4.0 వైపు వెళుతుండగా అవి మైనపు బొట్ల అంచుల మీదికి చేరి సన్నని వలయంలా చుట్టుకోవడం స్పష్టంగా చూడవచ్చు. వలయం కనిపించిన చోట ఆమ్లం వేయడం ఆపి, ఆ పీహెచ్‌ను రాసుకోండి. ఈ దశను తొందరపెట్టకండి. ఆమ్లాన్ని ఒక్కసారిగా పోస్తే ఆ చిన్న బొట్లు మైనాన్ని చుట్టకుండా తమలో తాము కలిసిపోయి అడుగున జిగటగా పేరుకుంటాయి, ఆ విడత అంతటితో పోయినట్టే.

తరువాత చల్లబరచడం. బీకరును నీటి తొట్టిలో ఉంచి, నిమిషానికి ఒక డిగ్రీకి మించకుండా 50 నుంచి 10 డిగ్రీలకు దించాలి. మొదట మామూలు నీరు, 30 డిగ్రీల కింద ఐసు వాడండి. చేపల మార్కెట్లో దొరికే ఐసు దిమ్మ పగలగొట్టి బయటి తొట్టిలో వేసుకుంటే సరిపోతుంది, అది లోపలి ద్రావణంలో మాత్రం కలవకూడదు. పొర గడ్డకట్టే ఈ సమయమంతా స్టిర్రర్ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి.

10 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాక గ్లూటరాల్డిహైడ్‌ను 4 మిల్లీలీటర్ల వరకు చుక్కలుగా వేయండి. ఇది జెలటిన్ అణువులను ఒకదానితో ఒకటి ముడివేసి, మళ్లీ వేడి చేసినా కరగని పొరగా మారుస్తుంది. పొర లేత పసుపు రంగుకు తిరగడం ముడి పడుతున్నదనడానికి గుర్తు. పొర గట్టిపడకముందు పీహెచ్‌ను పైకి తేవద్దు, తెస్తే ఆవేశాలు పోయి పొర కరిగిపోతుంది. రెండు గంటల తరువాత ఐసు తీసివేసి, మెల్లగా కలుపుతూ మైనం కరిగే ఉష్ణోగ్రత కాస్త దాటే వరకు గుళికలను వెచ్చబడనిచ్చి, అలాగే రాత్రంతా ఉంచండి. మైనం కరిగేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 10 శాతం పెరుగుతుంది. పొర తడిగా, ఇంకా కొంత సాగే స్థితిలో ఉన్నప్పుడే లోపలి మైనం ఒకసారి ఉబ్బితే, ఆ పరిమాణానికి సర్దుకున్న తరువాత పొర గట్టిపడుతుంది. పూర్తిగా ఎండి బిగుసుకున్నాక మొదటిసారి ఉబ్బితే పొర చిట్లే అవకాశం ఎక్కువ.

గ్లూటరాల్డిహైడ్ కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది, చర్మానికి అలర్జీ కలిగిస్తుంది. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ బయట దాన్ని తెరవకండి. మీ ప్రయోగశాలలో హుడ్ పనిచేయకపోతే టానిక్ ఆమ్లాన్ని వాడండి. దాన్ని జెలటిన్ బరువులో పదో వంతుతో మొదలుపెట్టి చూసుకోవచ్చు, పొర కాస్త బలహీనంగా వచ్చినా నేర్చుకోవడానికి చాలు. మిగిలిన గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో సోడియం బైసల్ఫైట్ కలిపి నిర్వీర్యం చేసి, కళాశాల రసాయన వ్యర్థాలలో చేర్చాలి. సింకులో పోసింది చివరికి వంశధారలోకో నాగావళిలోకో చేరుతుందని పిల్లలకు ముందే చెప్పండి.

కడగడం, ఆరబెట్టడం

మైనం నీటికంటే తేలిక కాబట్టి గుళికలు పైకి మీగడలా తేలుతాయి. అడుగున ఉన్న నీటిని తీసివేసి, కొత్త డిస్టిల్డ్ వాటర్ పోసి మూడు నాలుగుసార్లు కడిగి, వడపోత కాగితం మీద నీరు పీల్చండి. పలుచగా పరిచి, మైనం కరిగే ఉష్ణోగ్రతకంటే తక్కువ వేడిలో గాలికి ఆరబెట్టాలి. మన తీరంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి గుళికలు గడ్డలుగా అతుక్కుంటాయి. చివరలో బరువులో 1 శాతం ఫ్యూమ్డ్ సిలికా (చాలా సన్నని సిలికా పొడి) కలిపితే విడివిడి పొడిగా వస్తుంది. మాస్కు లేకుండా ఆ పొడిని కదపకండి. జెలటిన్ మాంసకృత్తే, వర్షాకాలంలో తడి తగిలితే బూజు పడుతుంది, కాబట్టి సిలికా జెల్ ప్యాకెట్ వేసిన సీసాలో గట్టిగా మూతపెట్టి దాచండి.

పరీక్ష

ముందుగా కారుతున్నదో లేదో చూడండి. 5 గ్రాముల గుళికలను వడపోత కాగితం మీద పరిచి ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి తీయండి. కాగితం మీద నూనె మరక విస్తరిస్తే పొర అసంపూర్ణంగా ఉన్నట్టు.

రెండవది దాచుకునే వేడి. నమూనాను వేడి చేస్తూ, చల్లబరుస్తూ అది పీల్చే, విడిచే వేడిని కొలిచే డీఎస్సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరిమీటర్) యంత్రంలో కొన్ని మిల్లీగ్రాముల నమూనా చాలు. బరంపురం విశ్వవిద్యాలయంలోనూ అక్కడి ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ)లోనూ విచారించి చూడండి. వేడెక్కేటప్పటి రేఖ ఒక్కదానితో సరిపెట్టుకోకుండా, చల్లబడేటప్పటి రేఖను కూడా తప్పనిసరిగా అడగాలి. అతిశీతలీకరణం ఎన్ని డిగ్రీలో, అంటే మీ రాత్రి సరిపోతుందో లేదో తేలేది అందులోనే. లెక్క ఇలా ఉంటుంది. మన విడతలో 30 గ్రాముల మైనానికి 20 గ్రాముల పొర పదార్థం వేశాం కాబట్టి, గుళికలో మైనం గరిష్ఠంగా 60 శాతం ఉండగలదు. శుద్ధ మైనం గ్రాముకు 240 జౌళ్లు, మీ గుళిక 130 జౌళ్లు చూపిందనుకుంటే గుళికలో ఉన్న మైనం 54 శాతం. వేసిన దానిలో పదింట తొమ్మిది వంతులు లోపల చిక్కుకున్నట్టు అర్థం, మొదటి ప్రయత్నానికి అది చాలా మంచి ఫలితం.

యంత్రం అందుబాటులో లేనివారికి చైనా శాస్త్రవేత్త జాంగ్ యిన్‌పింగ్ బృందం 1999లో ప్రచురించిన టీ-హిస్టరీ పద్ధతి ఉంది. ఒకే కొలత గల రెండు సన్నని పరీక్షనాళికలలో ఒకదానిలో గుళికలు, ఇంకొకదానిలో నీరు నింపి, రెండింటినీ 50 డిగ్రీలకు వేడి చేసి, కదలని చల్లటి గాలిలో ఉంచి, లోపలి ఉష్ణోగ్రతలను పది సెకన్లకొకసారి నమోదు చేయాలి. నీటి ఉష్ణగ్రాహ్యత మనకు తెలుసు కాబట్టి, రెండు రేఖల కింది వైశాల్యాలను పోల్చి గుళికల గుప్తోష్ణాన్ని రాబట్టవచ్చు. ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపిన చిన్న డిజిటల్ సెన్సర్లు ఇందుకు సరిపోతాయి. చుట్టూ ఉన్న గాలి మైనం గడ్డకట్టే ఉష్ణోగ్రతకంటే బాగా చల్లగా ఉండాలి కాబట్టి, ఏసీ గది లేని చోట ఈ పరీక్షను డిసెంబరు, జనవరి నెలలకు పెట్టుకోండి.

జిప్సం పలక

గుళికలు చేతికి రాగానే ఇంటి పైకప్పు అంతటికీ వేయాలనిపిస్తుంది. ముందు లెక్క చూడండి. సెంటీమీటరు మందం జిప్సం పూత చదరపు మీటరుకు సుమారు 10 కిలోల బరువు ఉంటుంది. అందులో 15 శాతం గుళికలైతే కిలోన్నర, అవి దాచుకునే వేడి దాదాపు 195 కిలోజౌళ్లు. స్లాబు గుండా చదరపు మీటరుకు 50 వాట్ల వేడి దిగుతున్నదనుకుంటే ఆ పూత దాన్ని సుమారు గంట సేపు ఆపగలదు. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి పదహారు కిలోలకు పైగా గుళికలు కావాలి, మన బీకరు ఒక విడతకు ఇచ్చేది 50 గ్రాముల లోపు. కాబట్టి ఇంటికి కావలసినవి కొనవలసిందే. మీరు చేసినవి పలక పరీక్షకు.

పదిహేను సెంటీమీటర్ల చతురస్రపు పలకకు 190 గ్రాముల ప్లాస్టర్ ఆఫ్ పారిస్, 34 గ్రాముల గుళికలు చాలు. ముందు ప్లాస్టర్‌ను నీటిలో కలిపి, నురగ పోయాక, చివరలో గుళికలను గరిటెతో నెమ్మదిగా కలపండి, మిక్సీలో వేస్తే పగులుతాయి. సిమెంటులో ఈ గుళికలను వాడవద్దు, దాని క్షారం జెలటిన్ పొరను తినేస్తుంది. అక్రిలిక్ పొర గల గుళికలకే సిమెంటు.

పోల్చడానికి మామూలు జిప్సం పలక ఒక్కటే పెడితే నిజం తెలియదు. గుళికలు కలిపిన పలకలో వేడి ప్రవహించే వేగమే తక్కువ, కాబట్టి ఆ పలక చల్లగా ఉండటం గుప్తోష్ణం వల్లనో, కేవలం అడ్డు వల్లనో చెప్పలేరు. అందుకని గడ్డకట్టని లిక్విడ్ పారఫిన్‌ను లోపల పెట్టి, ఇదే విధానంలో ఇంకొక విడత గుళికలు చేసి మూడవ పలక పోయండి. మూడు పలకలనూ మూడు సమానమైన థర్మోకోల్ పెట్టెలకు మూతలుగా బిగించి, పైన నల్ల రంగు వేసిన రేకు పరచి, డాబా మీద ఉదయం నుంచి సాయంత్రం దాకా ఎండలో ఉంచి, లోపలి ఉష్ణోగ్రతలను ఐదు నిమిషాలకొకసారి నమోదు చేయండి. మైనం పలకకూ లిక్విడ్ పారఫిన్ పలకకూ మధ్య ఉన్న తేడాయే గుప్తోష్ణం చేసిన పని. రాత్రి కూడా పెట్టెలను అక్కడే వదిలి, తెల్లవారుజామున ఐదు గంటల అంకెను చూడండి. అది డీఎస్సీలో కనిపించిన గడ్డకట్టే ఉష్ణోగ్రతకంటే పైనే ఉంటే, మరుసటి పగటి తేడా తగ్గిపోయి కనిపిస్తుంది. అప్పుడు విత్తన స్ఫటికాల పాలు పెంచాలి, అది చాలకపోతే ఒక మెట్టు ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర కరిగే మైనానికి మారాలి.

పారఫిన్ మండే పదార్థం కాబట్టి ఈ పలకలను పొయ్యి దగ్గర, విద్యుత్ తీగల పక్కన పెట్టకూడదు. యాభై పగళ్లు, రాత్రులు గడిచాక పలక వెనుక నూనె చెమ్మ ఉందేమో తడిమి చూసి, అంచు నుంచి చిన్న ముక్క తీసి మళ్లీ డీఎస్సీకి పంపండి. మొదటి అంకె నుంచి ఎంత తగ్గిందో చూశాక, తరువాతి విడతలో జెలటిన్ పాలు పెంచాలో, గ్లూటరాల్డిహైడ్ సమయం పెంచాలో నిర్ణయించుకోవచ్చు.